ఐదు గళ్లకు అడ్డంగ

నెలాఖరొస్తే
అన్నం గంజు దించి, పిల్లలు పండుకున్నంక
ఈ రిజిస్టరు ముంగటేసుకుని కూసుంట.
ఒక్కో పేరుకు ఎదురుగ ఐదు గళ్లు:
ఒళ్లు, మాట, మతి, మంది, ఊహ.
పుస్తకంల వీటికి పెద్ద పెద్ద పేర్లున్నయి.
నల్లగొండ ట్రైనింగుల మూడు దినాలు
చాయ్ బిస్కెట్ల నడుమ నోటికి పట్టిచ్చిండ్రు.
నా అక్కెరకు నేను కురచ చేసుకున్న.

వర్షిత్‌వి జల్ది నిండుతయి.
ఒంటికాలు మీద గెంతుతడు, టిక్కు.
చింతగింజలు పదిదాక లెక్కవెడతడు,
ఏడు తర్వాత తొమ్మిదంటడు గాని, టిక్కు.
అయాన్ సగం గుడ్డు తిని
సగం చెల్లెకని నిక్కరు జేబుల దాస్తడు.
అది మతా? మందా?
కొంచెం సేపు ఆలోచించి రెండిట్ల ఏసిన.
జేబు కడిగే వాళ్లమ్మకు ఏ గడీ లేదు.

ఝాన్సి కాడికొస్తే పెన్ను ఆగుతది.
దేవరకొండ అవతలి తండ వాళ్లది.
నాయిన ఈడ బత్తాయి తోటకు కావలి.
జూన్ల చేరింది. దసర పోయింది.
ఒక్క తెలుగు మాట ఊడిపడలే.
ఆ గడి నాలుగు నెలలసంది
కడిగిన పలక లెక్క.
"ఖాళీ ఉంచొద్దు, వెనుకబడినది అని రాయి"
అన్నది సూపర్‌వైజర్ మేడమ్.
పెన్ను మూత తీసిన. మళ్ల పెట్టిన.
ఆ పిల్ల దోసిలి పట్టి "పాణీ" అంటే
పాట అడుగుతుందనుకుని
ఓ పూటంత పాడినదాన్ని నేను.
మా ఆయా అండాలు చెంబు తెచ్చి తాపింది.
ఎనుకవడ్డదెవరో ఏ గడిల రాయాలె?

నా మోకాళ్ల సంగతి ఊరందరికి ఎరికె.
మర్రిగూడ దిక్కు బాయినీళ్లు తాగి పెరిగిన.
పన్నెండేండ్లకే దొడ్డికాళ్లు,
పండ్ల మీద పసుపు గార.
ఎడమకాలు ముందుకేసి, నడుము పక్కకు ఒరిగి,
కుడికాలును గుంజుకొచ్చుకుంట నడుస్త.
అందుకే తలుపు చెక్కకు పిల్లల్ని ఆనిచ్చి
ఎత్తు గీసేటప్పుడు
గీత కంటె ముందు మోకాళ్లు చూస్త.
చక్కగున్నయి.
ఆ ఒక్క టిక్కు
ఎనుక పేజీకి అచ్చువడేటట్టు పడుతది.

మొన్న మంగళారం.
పొయ్యి మీద గుడ్లు ఉడుకుతున్నయి.
నల్లా కాడ బిందె నింపుకుంట
కిటికీలకెల్లి చూసిన.
ఝాన్సి తువ్వాల కొంగు లెక్క ఏసుకున్నది,
చంకల పలక.
నడుస్తున్నది.
ఎడమకాలు ముందుకు, నడుము పక్కకు,
కుడికాలు ఎనుకకెల్లి, మెల్లగ.
ఎనుక తొమ్మిదిమంది, బండి డబ్బాల లెక్క,
అందరివి నా కాళ్లే.
"ఓ పిల్లలు!" అని అండాలు చెయ్యెత్తింది.
ఆగమన్న.

నా నడక నేనెన్నడు చూడలే.
వంగే ముందు తలుపు చెక్క పట్టుకుంటనని
నాకే తెల్వదు,
ఆ పిల్ల పట్టుకుని వంగింది.
గింత శ్రద్ధగ నన్నెవరన్న చూసిండ్రా?
పెండ్లిచూపులకు వచ్చినోళ్లు గూడ
కాళ్లు చూసిండ్రు గాని, నడక చూడలే.

చింతగింజల కుప్ప కాడ నిలవడి
వేలు పెట్టి "ఏక్, దీ, తీన్" అన్నది.
తొమ్మిది గొంతులు "ఏక్, దీ, తీన్".
వర్షిత్ నవ్వి నవ్వి బొర్లితే
పలక మీద చెయ్యేసి
నా గొంతుతోటి, నా యాసతోటి, కసిరినట్టు:
"అందరు కూసోండ్రి!"
కూసున్నరు.
బిందె నిండి పొంగిపోతున్నది. నల్లా కట్టలే.

ఇప్పుడు చెప్పు, ఏ గడిల రాయాలె?
కాలు గుంజింది ఒళ్లా, ఊహా?
లెక్క మతా, మాటా?
తొమ్మిదిమందిని కూసోవెట్టింది మందే గద,
మరి నా కొంగు?
స్కేలు పెట్టకుండనే
ఐదు గళ్లకు అడ్డంగ ఓ గీత గీసిన,
కొద్దిగ వంకర వచ్చింది.
మేడమ్ పేజీ అటు ఇటు తిప్పి చూసింది.
"ఇదేంది, కొట్టేసినవా?"
"లేదు మేడమ్, నడిచింది" అన్న.
ఇంకో రిజిస్టరు తీసుకరమ్మన్నది.

చెప్పుడు మరిచిన.
ఆ దినం గుడ్లు వలిచి పెట్టినంక
తువ్వాల దండెం మీద పారేసి,
కాళ్లు చక్కగ చేసుకుని
ఝాన్సి బత్తాయి తోట దిక్కు ఉరికింది.